ఉమ్మడి గడి: 14 అడ్డం రాల్యా, 5 అడ్డం మీద అనుమానం

పెన్నేటి_గట్టు
ఈ వారం ఉమ్మడి గడి (అందరం కలిసి ఒకే షీట్‌లో నింపే పదాల గళ్ళు) ఆదివారం నుంచి ఆడనే ఆగింది. 9 గళ్ళు అడ్డం, 9 గళ్ళు నిలువు, ఆధారాలు 22. షీట్‌లో 18 నిండినాయి. మిగిలినవి ఈ నాలుగు (బ్రాకెట్లో అంకె గళ్ళ లెక్క, చివర ఇప్పటికి దొరికిన అక్షరాలు):

9 అడ్డం: పేడ పోగైన ఎత్తు (2) … _ ప్పి
11 అడ్డం: నంది, పూర్తికాని గుడి కలిసి 2022లో జిల్లా (3) … _ _ ల
14 అడ్డం: పసిబిడ్డ మందు తాగి బజ్జీ పక్కన చేరింది (3) … ఉ గ్గ _
16 నిలువు: కథ చెదిరి పంచమికి వచ్చింది (3) … ఏమీ లేవు

14 అడ్డంకు "ఉగ్గము", "ఉగ్గడు" అన్నీ పెట్టి చూసినా. అర్థం కుదరదు. 9 అడ్డం అయితే "ప్పి"తో ముగిసే రెండక్షరాల ఎత్తు ఏ నిఘంటువులోనూ లేదు. ఆధారమే తప్పా?

బురుజు_నీడ
ఆధారాన్ని అనుమానించే ముందు అడ్డొచ్చే అక్షరాలను అనుమానించండి. 9 అడ్డంలో "ప్పి" యాడ నుంచి వచ్చింది?

పెన్నేటి_గట్టు
2 నిలువు నుంచి. "ఎండాకాలం తగిలేదే, కర్రతో పనిలేదు (4)". షీట్‌లో తలనొప్పి అని ఉంది. నేను పెట్టింది కాదు.

గండికోట_గడి
ఆ ఆధారంలో "తగిలేదే" అని ఉంది చూడండి. తలనొప్పి తగలదు, వస్తుంది. తెలుగులో ఏది తగులుతుందో, ఏది పడుతుందో, ఏది వస్తుందో కూర్పరి (గడి కూర్చేవాడు) ఊరికే రాయడు. క్రియ పట్టుకుంటే సగం పని అయినట్టే.

బొరుగులమూట
కర్రతో పనిలేని దెబ్బ. అనంతపురం ఎండ తెలిసినోళ్ళకు ఇది ఇట్టే తట్టాల.

సున్నచుట్టు
వడదెబ్బ. వ-డ-దె-బ్బ, నాలుగు గళ్ళు సరిపోయినాయి. అయితే 9 అడ్డం _ బ్బ, అంటే దిబ్బ. కానీ 2 నిలువు రెండో గడిలో షీట్ ప్రకారం "ల" ఉండాల, ఇక్కడ "డ" వచ్చింది. ఆ గడి 5 అడ్డంది, అక్కడ "కలప" అని ఉంది.

బురుజు_నీడ
దొరికింది దొంగ గడి. 5 అడ్డం ఆధారం పూర్తిగా పెట్టండి.

సున్నచుట్టు
5 అడ్డం: పరుషంగా పలికిన గుమ్మం మా ఊరే (3). కలప పెట్టినవాళ్ళు పక్కన రాసిన వివరణ: "గుమ్మం కలపతో చేస్తారు". పేరు రాయలేదు. రంగు మాత్రం పచ్చ (ఖాయమని గుర్తు) వేసినారు.

బురుజు_నీడ
ఇక్కడే చెడింది. "గుమ్మం కలపతో చేస్తారు" అనేది వివరణ కాదు. ఆధారంలో నాలుగు మాటలున్నాయి: పరుషంగా, పలికిన, గుమ్మం, మా ఊరే. కలప అంటే అందులో మూడు మాటలకు పనే లేదు. ఆధారంలో ప్రతి మాటా ఏదో ఒక కూలి చేయాల. పని లేని మాట మిగిలిందంటే జవాబు తప్పు, లేదా ఆధారం ఇంకా తెగలేదు (పూర్తిగా విడిపోలేదు). అంతవరకు పసుపే (ఇంకా అనుమానమే).

ఉత్వసంధి
గుమ్మానికి ఇంకో మాట గడప. వ్యాకరణంలో క చ ట త ప లు పరుషాలు, గ జ డ ద బ లు సరళాలు. గడపలో మొదటిది సరళం. దాన్ని పరుషంగా పలికితే కడప. "మా ఊరే" అన్నది అర్థం. నాలుగు మాటలూ లెక్కకు వచ్చినాయి.

గండికోట_గడి
అబ్బా, ఏం ఆధారం! తిరుమలకు గడప కాబట్టే కడప అయిందని మా ఊళ్ళో అందరూ చెప్పుకునేదే. దాన్నే వ్యాకరణం మీదుగా తిప్పినారు. ఈ గడి కూర్చిన గళ్ళచొక్కా అన్నా, దీనికి నా ఓటు.

గోదారి_గాలి
కలప పెట్టింది నేనేనండి. మొదటి గడిలో క, మూడో గడిలో ప అప్పటికే వచ్చి ఉన్నాయి, మధ్యది ఖాళీ. క _ ప చూడగానే కలప తోచింది. పచ్చ రంగు వేయకుండా ఉండాల్సింది.

బురుజు_నీడ
మీ ఒక్కరి తప్పు కాదులెండి, ఆ ఆకారం చెడ్డది. క _ ప అంటే కలప, కడప రెండూ పడతాయి. రెంటినీ తిరగేస్తే పలక, పడక. అంటే ప _ క లోనూ ఇదే పేచీ. ఇట్లాంటి జంటలు పట్టుకున్నప్పుడు మధ్య గడిని తేల్చే నిలువు ఆధారం దొరికేదాకా ఆగాల. చివరి అక్షరాలు ఎన్ని దొరికినా లాభం ల్యా.

తలకట్టు
తిరగేసే ఆధారాల్లో ఇంకో మెలిక ఉంది. "ఊరు తిరగబడితే పడక (3)" అని రాస్తే జవాబు పడకే, సందేహం లేదు. "పడక, తిరగబడిన ఊరు (3)" అంటే? తిరగబడింది పడకనా, ఊరా? తిప్పుడు మాట సరిగ్గా నడిమధ్యలో కూర్చుంటే అటూ ఇటూ రెండూ నిలబడతాయి. కూర్పరి దాన్ని ఒక చివరకు జరపాల, లేకుంటే మధ్య గడి కాకుండా చివరి గడి ఒకటి అడ్డంగా తెగేట్టు (ఇంకో పదం దాని మీదుగా పోయేట్టు) చూడాల.

పెన్నేటి_గట్టు
సరే, 2 నిలువు, 5 అడ్డం, 9 అడ్డం అయిపోయినాయి. ఒక్క తప్పు గడి మూడు ఆధారాలను ఆపింది. మరి 14 అడ్డం? అక్కడ గ్గ 12 నిలువు నుంచి వచ్చింది. అది "మగ్గము". దాని మీద కూడా అనుమానమేనా?

బొరుగులమూట
12 నిలువు ఏంది?

పెన్నేటి_గట్టు
గుంటలో కాళ్ళు పెట్టి పట్టు పట్టేవాళ్ళ సొత్తు (3).

బొరుగులమూట
ధర్మవరం గుంటమగ్గం. నేతగాడు కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతాడు. పట్టు పట్టడం అంటే పట్టుదల, పట్టు నేయడం రెండూ. బలే ఉంది. కానీ "వాళ్ళ" అన్నారు గదా. ఒక్కరి సొత్తు కాదు.

బురుజు_నీడ
ఇది అందరూ గుర్తు పెట్టుకోవాల్సిన చోటు. ఈ పదానికి మూడు రూపాలు: మగ్గం రెండు గళ్ళు (మ-గ్గం), మగ్గము మూడు గళ్ళు (మ-గ్గ-ము), మగ్గాలు మూడు గళ్ళు (మ-గ్గా-లు). మూడు గళ్ళు అనగానే కొందరు ము తగిలిస్తారు. ఎట్లా తేల్చాలంటే, గడి మొత్తం మీద కూర్పరి ఏ పద్ధతి పాటించినాడో చూడండి. ఒక్క చోట సున్నతో ముగించినాడంటే అంతటా సున్నే. ఒకే గడిలో ఒక చోట "కలం", ఇంకో చోట "మగ్గము" రాస్తే అది అన్యాయం, మంచి కూర్పరి రాయడు.

సున్నచుట్టు
18 అడ్డం కలం అని వచ్చింది, పచ్చ. "కొమ్ము విరిగిన జాతి రాస్తుంది (2)". కులంలో కొమ్ము తీస్తే కలం. కాబట్టి సున్న పద్ధతే. 12 నిలువు మగ్గాలు. అంటే 14 అడ్డం ఉ గ్గా _.

గోదారి_గాలి
ఉ-గ్గా-… "ఉగ్గాడు"? అలాంటి మాట లేదు కదండీ.

బొరుగులమూట
😀 కర్నూలోళ్ళు, అనంతపురమోళ్ళు ఎవరూ చెప్పొద్దు. ఆయనే కనుక్కోవాల.

పెన్నేటి_గట్టు
ఓర్నీ. పొద్దున తిన్నా గదప్పా నేను దాన్ని! కానీ ఎట్లా తెగుతుందో తెలీల్యా. జవాబు చెప్పను. తెగే దారి ఎవరన్నా చూపించండి.

బురుజు_నీడ
మెట్లు మెట్లుగా ఇద్దాం. గోదారి_గాలి గారూ, మొదటి మెట్టు: అర్థం చివర్లో ఉంది, "బజ్జీ పక్కన చేరింది". అంటే బజ్జీతో కలిపి పెట్టేది ఏదో. మిగతాదంతా పదాన్ని కట్టే సామాను. ఇంకో మెట్టు కావాలంటే అడగండి.

గోదారి_గాలి
బజ్జీ పక్కన మా వైపు చట్నీ. ఇంకో మెట్టు ఇవ్వండి.

ఉత్వసంధి
రెండో మెట్టు: రెండు ముక్కలు, మధ్యలో సంధి. మొదటి ముక్క "పసిబిడ్డ మందు", రెండు అక్షరాలు. రెండో ముక్క "తాగి". తాగడానికి పాత తెలుగులో ఇంకో క్రియ ఉంది, అచ్చుతో మొదలవుతుంది.

తలకట్టు
మూడో మెట్టు మాస్టారి పేరులోనే ఉందండీ.

గోదారి_గాలి
ఉత్వసంధి… పసిబిడ్డకు పట్టేది ఉగ్గు. ఉగ్గు + … ఆను! చన్ను ఆనడం అంటారు కదా. ఆని అంటే తాగి. ఉగ్గు + ఆని = ఉగ్గాని. ఇదేనా? అసలు ఉగ్గాని అంటే ఏంటండి?

బొరుగులమూట
అదే అదే! బొరుగులు (మీ మరమరాలు) నీళ్ళలో ఒక్క నిమిషం నానేసి, గట్టిగా పిండి, తిరగమోతలో ఎర్రగడ్డ (ఉల్లిపాయ), పచ్చిమిరక్కాయ, టమాట, పసుపు వేగినాక కలిపి, పైన వేయించిన పప్పుల పొడి చల్లుతారు. పక్కన మిరపకాయ బజ్జీ. కర్నూలు, అనంతపురంలో పొద్దున హోటల్లో "ఉగ్గాని బజ్జీ" అని జంటగానే అడుగుతారు. నానేసినాక పిండకపోతే ముద్ద అయిపోతుంది, అది జాగర్త.

ఉత్వసంధి
సంధి వివరం కూడా రాసి పెడతా, షీట్‌లో అతికించండి. ఉగ్గు చివర ఉత్తు, దాని పక్కన ఆ అనే అచ్చు. ఉత్తు పోయి ఆ నిలుస్తుంది: గ్గ్ + ఆ = గ్గా. మన భాషలో ఉత్తుకు అచ్చు పరమైతే సంధి తప్పదు, వికల్పం లేదు. అందుకే ఆధారంలో "కలిసి", "అతికి" లాంటి మాట లేకపోయినా కూర్పరిది తప్పు కాదు.

గోదారి_గాలి
పదం కట్టడం చాలా బాగుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక అభ్యంతరం. ఉగ్గాని పేరు వినని వాళ్ళు దీన్ని పూర్తి చేయలేరు. నాకు సంధి తెలిసింది, వచ్చిన పదం సరైందో కాదో మాత్రం తెలియలేదు. ప్రాంతీయ మాటలు ఉమ్మడి గడిలో పెట్టొచ్చా?

గండికోట_గడి
పెట్టొచ్చు అంటాను. మీకు పదం తెలియకున్నా, మెట్లు ఎక్కించినాక మీరే కట్టినారు చూడండి. ప్రాంతీయ పదానికి రెండు షరతులు ఉంటే చాలు. ఒకటి, దాన్ని కట్టే సామాను అందరికీ తెలిసిన మాటలై ఉండాల. ఉగ్గు, ఆను ఒక్క సీమవి కావు. రెండు, కనీసం సగం గళ్ళు అడ్డంగా తెగాల. ఇక్కడ మూడింటిలో రెండు తెగినాయి.

బురుజు_నీడ
మూడో షరతు నాది: సామాను కూడా ప్రాంతీయమే అయితే పెట్టొద్దు. ఉదాహరణకు "పరక" తీసుకోండి. మా దిక్కు పరక అంటే కసువు ఊడ్చేది. ఇంకో దిక్కు గడ్డిపరకే తెలుసు. "గడ్డిలో ఒకటి, ఇంట్లో ఊడ్చేది (3)" అని రెండర్థాల ఆధారం రాస్తే ఒక అర్థం నిఘంటువులో దొరుకుతుంది, కాబట్టి సరే. అదే "ఊడ్చేది తల తెగితే…" అని ముక్కగా వాడితే బయటివాళ్ళకు దిక్కు తోచదు.

తలకట్టు
యాడికి మాత్రం అందరికీ నచ్చాల. 8 అడ్డం: "ఏ ఊరికి పోవాల? ఈ ఊరికే (3)". అనంతపురం జిల్లాలో యాడికి అనే ఊరు ఉంది. సీమలో "ఎక్కడికి" అన్నా యాడికే. రెండో అర్థం తెలియకున్నా పటంలో ఊరు దొరుకుతుంది.

పెన్నేటి_గట్టు
దానికి డి ఇచ్చింది 6 నిలువు: "తాటి చెట్టు మీద వినాయకుడి ఆకులు, పెన్న ఒడ్డున (4)". తాడి + పత్రి. మా ఊరు కాబట్టి చూసిన వెంటనే వచ్చింది.

సున్నచుట్టు
14 పచ్చ చేసినా. ఒక సాంకేతిక సంగతి చెప్పాల, మళ్ళీ మళ్ళీ ఇదే గొడవ. షీట్‌లో గళ్ళు లెక్కపెట్టడానికి ఎవరో పొడవు సూత్రం పెట్టినారు. అది తెలుగుకు పనికిరాదు. ఉగ్గాని రాస్తే 7 చూపిస్తుంది: ఉ, గ, పొల్లు గుర్తు, గ, దీర్ఘం, న, గుడి. యూనికోడ్‌లో అవన్నీ వేరు వేరు గుర్తులు. మనకు కావాల్సింది మూడు అక్షరాలు. కాబట్టి గడికి ఒక అక్షరం చొప్పున చేత్తోనే రాయండి. సున్నకు బదులు ఇంగ్లీషు "ఓ" గానీ అంకె సున్న గానీ కొట్టొద్దు. కంటికి ఒకేలా ఉంటాయి, వెతికితే దొరకవు.

బురుజు_నీడ
లెక్క నియమాలు కూడా ఇక్కడే పెడతా, కొత్తవాళ్ళు అడుగుతాండారు. గుణింతం, ఒత్తు అక్షరంతో పాటే ఒకే గడిలో: స్త్రీ ఒక గడి. సున్న ముందు అక్షరంతో కలిసి: నం ఒక గడి. అరసున్న వదిలేస్తాం. పొల్లుకు విడి గడి.

గోదారి_గాలి
పొల్లుకు విడి గడి ఎందుకండి? 20 అడ్డం "కడపలో తెలుగు పదాలు కూడబెట్టిన దొర, గోధుమ రంగు (2)" అని ఉంది. బ్రౌన్ ఒకే గడి అనుకుని నేను చాలాసేపు వెతికాను.

బురుజు_నీడ
బ్రౌ-న్, రెండు. పొల్లును ముందు అక్షరంతో కలిపితే అడ్డంగా వచ్చే పదంలో "బ్రౌన్" అనే అక్షరం మధ్యలో దొరకాల, అది అసాధ్యం. విడిగా పెడితే న్ మాత్రమే అడ్డంగా తెగాల, "స్టేషన్", "టెలిఫోన్" చివర దొరుకుతుంది. కూర్పు నడవాలంటే ఇదే దారి.

గండికోట_గడి
బ్రౌన్ దొర ఆధారం మా కడపకు తగినదే. 1852లో నిఘంటువు అచ్చేయించిన మనిషి. ఆయన బంగ్లా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. గడి ఆడేవాళ్ళకు ఆయన నిఘంటువు ఎందుకు మంచిదంటే, వాడుక మాటలు, సామెతలు కూడా ఎక్కించినాడు. గ్రాంథికం మాత్రమే కావాలంటే శబ్దరత్నాకరం. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఇట్లాంటివి చాలా ఒకే చోట వెతకొచ్చు.

పెన్నేటి_గట్టు
11 అడ్డం ఇంకా మిగిలింది. నంది, పూర్తికాని గుడి. గుడి అంటే అక్షరం మీది గుడి అనుకున్నా. 3 నిలువులో అట్లాగే వచ్చింది గదా: "చిన్నదాని గుడి పోయి ఎత్వం వస్తే నది (2)". పిన్న నుంచి పెన్న. అదే లెక్కన నందిలో గుడి తీసి చూసినా, "నంద" వస్తాంది. జిల్లా రాదు.

తలకట్టు
కూర్పరి కావాలనే వేసిన ఉచ్చు అది. ఒకే గడిలో ఒకే మాటను ఒక చోట గుణింతంగా, ఇంకో చోట అసలు అర్థంలో వాడతాడు. కొమ్ము, గుడి, తలకట్టు, సున్న, దీర్ఘం. ఇవన్నీ రెండు బతుకుల మాటలు. ఇంగ్లీషు గడిలో ఈ సౌకర్యం ల్యా, ఇది మన లిపి ఇచ్చిన వరం. ఏదన్నా ఆధారంలో కొమ్ము, గుడి కనబడితే రెండు దారులూ రాసుకోండి.

ఉత్వసంధి
ఇక్కడ నిజమైన గుడే. గుడికి మూడక్షరాల సంస్కృత మాట. అది పూర్తి కాలేదు, అంటే చివరి అక్షరం పడలేదు. నందికి కలపండి.

పెన్నేటి_గట్టు
ఆలయం, యం పోతే ఆల. నంది + ఆల = నందాల? నందాల అనే జిల్లా… ఓహో.

ఉత్వసంధి
నందాల అన్నారంటే ఇత్వసంధి చేసినారు. అది తెలుగు మాటలకు: ఏమి + అంటివి = ఏమంటివి. నంది, ఆలయం రెండూ సంస్కృతం. వాటి మధ్య ఇకారం పోదు, యకారంగా మారుతుంది. యణాదేశం. నంది + ఆల = నంద్యాల. అతి + అంతం = అత్యంతం అయినట్టే. ఏ సంధి పడుతుందో తేల్చుకోవాలంటే ముందు మాటల పుట్టుక చూడాల.

బురుజు_నీడ
నం-ద్యా-ల. చివర ల కూడా కుదిరింది. కర్నూలు జిల్లా నుంచి విడి 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. పచ్చ.

సున్నచుట్టు
ఇక మిగిలింది 16 నిలువు ఒక్కటే. "కథ చెదిరి పంచమికి వచ్చింది (3)". రెండు గంటలు కూర్చున్నా.

తలకట్టు
పంచమి అంటే తిథి అనుకుంటే నాగపంచమి, వసంతపంచమి వైపు పోతాం. పంచమీ విభక్తి అనుకోండి: వలన, కంటె, పట్టి. మూడక్షరాలది వలన. వలనను చెదరగొడితే నవల. నవల అంటే కథ. జవాబు వలనే. కానీ ఇది న్యాయమైన ఆధారం కాదు, ఇక్కడ నేను గళ్ళచొక్కా గారితో పేచీ పెడతాను.

గండికోట_గడి
ఎందుకు కాదు? వచ్చింది గదా.

తలకట్టు
వచ్చింది, వెనక నుంచి. చెదరాల్సిన అక్షరాలు ఆధారంలో కనబడాల. "కథ" అని రాసి, దానికి నువ్వే ఒక పర్యాయపదం ఊహించి, ఊహించిన దాన్ని మళ్ళీ చెదరగొట్టు అంటే పరిష్కర్త రెండు చీకట్లు దాటాల. కథకు పర్యాయపదాలు ఎన్ని! గాథ, వృత్తాంతం, ఇతిహాసం, నవల, గల్పిక. ఒక్కోదాన్ని చెదరగొట్టి చూడాలంటే అది ఆలోచన కాదు, గాలింపు. తిప్పేవి, తల కోసేవి పర్యాయంతో చేసినా పరవాలేదు, అక్షరాల వరుస చెడదు కాబట్టి. చెదరగొట్టేవి మాత్రం అక్షరాలు కళ్ళముందు పెట్టి చేయాల్సిందే.

బురుజు_నీడ
తలకట్టు మాటే నా మాట. పైగా 16 నిలువుకు ఒక్క గడి కూడా తెగల్యా. పర్యాయాన్ని చెదరగొట్టి, పైన తెగే గడి లేకపోతే అది తలుపు వేసి తాళంచెవి దాచినట్టు.

గోదారి_గాలి
అక్షరాలు చెదరగొట్టేటప్పుడు గుణింతం కూడా విడగొట్టొచ్చా అండి? నవల సరే, అన్నీ తలకట్టు అక్షరాలే. "రాగి" లాంటిదైతే?

ఉత్వసంధి
విడగొట్టకూడదు. రా ఒక పూస, గి ఒక పూస. పూసలను అటూ ఇటూ మార్చొచ్చు, పూసను పగలగొట్టకూడదు. రాగి చెదిరితే గిరా మాత్రమే. గారి, రిగా రావాలంటే "గుణింతాలు తారుమారై" అని ఆధారంలో విడిగా చెప్పాల.

బొరుగులమూట
రాగి అంటే గుర్తొచ్చింది, 21 అడ్డం ఎవరు పట్టినారు? "కుర్రోళ్ళారా, గిల్లుకోకండి, మధ్యలో సంగటి గింజ ఉంది (2)". మూడుసార్లు చదివినాక కనబడింది: కుర్రోళ్ళా-రా, గి-ల్లుకోకండి. కళ్ళముందే కామా పెట్టి దాచినారు.

గండికోట_గడి
దాపుడు ఆధారాలకు ఒకటే మందు: ఆధారాన్ని ఖాళీలు, కామాలు లేకుండా ఒకే తాడుగా కాగితం మీద రాసుకోవడం. పైకి చదివితే అర్థం అడ్డం పడుతుంది. తాడుగా రాస్తే కన్ను అక్షరాలనే చూస్తుంది. "మధ్యలో", "లోపల", "కడుపులో", "కొంత" అనే మాటలుంటే ఇది ముందు చేయండి.

గళ్ళచొక్కా
అందరూ తేల్చేదాకా రాకూడదని ఆగినా. 16 నిలువు విషయంలో తలకట్టు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం. మొదట "నవల చెదిరి" అనే రాసినా, మరీ తేలిక అనిపించి నవల తీసి కథ పెట్టినా. తేలికను దాచడానికి అక్షరాలనే దాచడం తప్పు. దిద్దిన ఆధారం: నవల చెదిరి పంచమికి వచ్చింది (3). తిథి, విభక్తి మెలిక ఎట్లాగూ ఉంది, అది చాలు.

ఇంకో సంగతి. 2 నిలువు, 5 అడ్డం ఆ మూలలో కలప పడుతుందని నేను గమనించల్యా. ఇకమీద గడి పంపే ముందు ప్రతి అడ్డం పదానికి మధ్య గడి తీసేసి ఇంకేమన్నా పడుతుందా అని చూస్తా.

తలకట్టు
సంతోషం అన్నా. దిద్దిన ఆధారం మొదటి దానికంటే చదవడానికి కూడా బాగుంది.

బురుజు_నీడ
వచ్చే వారం నుంచి ఈ పద్ధతి పెట్టుకుందాం, అందరూ ఒప్పుకుంటే. షీట్‌లో పదం ఎక్కించేవాళ్ళు పసుపుతోనే ఎక్కించాల, పక్కన పేరు, పదం తెగిన తీరు రాయాల. పచ్చ చేసేది ఇంకొకరు, తెగిన తీరు చదివి, ఆధారంలో ప్రతి మాటకూ పని ఉందో లేదో చూసి. ఎక్కించినవాళ్ళే పచ్చ చేయకూడదు. సహాయం అడిగేవాళ్ళు ఆధారం, గళ్ళు, దొరికిన అక్షరాలు, ఆ అక్షరాలు ఏ పదం నుంచి వచ్చినాయో, వద్దనుకున్న పదాలు ఎందుకు వద్దనుకున్నారో పెట్టాల. పెన్నేటి_గట్టు "మగ్గము" పేరు చెప్పినాడు కాబట్టే అంత తొందరగా తేలింది.

గోదారి_గాలి
ఒప్పుకుంటున్నాను. ఇంకొకటి చేర్చండి: జవాబు నేరుగా రాయకుండా మెట్లు అడగడం. మీరు మొదటి పోస్టులోనే ఉగ్గాని అని రాసేసి ఉంటే నాకు ఆను గుర్తొచ్చేది కాదు.

పెన్నేటి_గట్టు
22కు 22 పచ్చ. "సగం వేగంతో మన యోగి (3)" నాకు ఈ గడిలో అన్నిటికంటే నచ్చింది. వేగంలో సగం వే, పక్కన మన. వేమన. స-గం-వే-గం-తో-మ-న, ఏడే అక్షరాలు, యోగి కాకుండా. ఒక్క మాట కూడా ఎక్కువ ల్యా.

బొరుగులమూట
"వంకాయకు ముందు నిలిచిన కోట (2)" నా ఓటు. గుత్తి. కోట ముందు వంకాయ తోట ఉన్నట్టు చదువుతాం, అసలు వంకాయ ముందు గుత్తి.

గళ్ళచొక్కా
వచ్చే వారం గడి శనివారం రాత్రి పెడతా. అంతదాకా ఒకటి నమలండి: ఎటు తిరిగి పడుకున్నా అదే నిద్ర (3).

సున్నచుట్టు
అడ్డంగా తెగే అక్షరం ఒక్కటన్నా ఇవ్వన్నా.

గళ్ళచొక్కా
మొదటిది ఇస్తే చివరిదీ ఇచ్చినట్టే. మధ్యది కావాలంటే అడగండి.